వంటగట్టు ఎల్ ఆకారమా, యూ ఆకారమా అన్నది తరవాత. ముందు గంజి గిన్నె దారి చూడండి

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో 18 అడుగుల వెడల్పు జాగా, పడమర వీధి, ఇరుపక్కలా పొరుగువాళ్ల గోడలు, వెనక తూర్పున కాస్త పెరడు. ప్లానులో వంటగది ఆగ్నేయం మూలన పడింది. లోపలి కొలత ఉత్తరం దక్షిణం 8 అడుగులు, తూర్పు పడమర పదిన్నర. మీ వారికి హాల్లోకి తెరిచి ఉండే ఓపెన్ కిచెన్ కావాలి. మాడ్యులర్ చేసే అబ్బాయి యూ ఆకారం అంటున్నాడు. తాపీ మేస్త్రి ఎదురెదురుగా రెండు గట్లు కట్టేద్దాం అంటున్నాడు. అత్తగారేమో కత్తిపీట వేసుకుని కూర్చోడానికి ఇంత చోటు, తూర్పు ముఖంగా పొయ్యి ఉంటే చాలంటున్నారు. ఈ నలుగురిలో ఎవరి మాట వినాలని మీరు అడిగారు.

చాలావరకు మీ అత్తగారి మాటే వినండి. ఎందుకో చెబుతాను.

నేను బరంపురంలో ఇరవయ్యారేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. మీది లాంటి జాగాలు నాకు కొత్త కాదు. మా ఊరి పాత నేతగాళ్ల వీధులు చూసే ఉంటారు. గోడకి గోడ ఆనుకుని, ఒక గది వెనక ఒక గది రైలుపెట్టెల్లా ఉంటాయి ఇళ్లు. చిట్టచివరి గది వంటిల్లు. వెలుతురు రావాలన్నా, పొగ పోవాలన్నా, అంట్లు బయటికి వెళ్లాలన్నా పెరటి గోడ ఒక్కటే దిక్కు. మీ ప్లాను కొత్తదే గానీ కష్టం పాతదే. మీ వంటగదికి కూడా బయటిగోడ ఒక్కటే, తూర్పుది. దక్షిణం పొరుగువాళ్లది, ఉత్తరాన సామాన్ల గది, పడమరన హాలు. కాబట్టి ఆ ఎనిమిదడుగుల తూర్పుగోడని జాగ్రత్తగా పంచుకోవాలి. మిగతా సంగతులన్నీ దాన్నిబట్టి కుదురుతాయి.

ముందు నా ఇంట్లో నేను చేసిన పొరపాటు చెబుతాను, దాంతో సగం విషయం తేలిపోతుంది.

2001లో మేం ఇల్లు కట్టుకున్నాం. వంటగట్టు ఎత్తు 36 అంగుళాలని ఎక్కడో చదివి అలాగే కట్టించాను. మా ఆవిడ ఎత్తు అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. గట్టు 36, దాని మీద స్టవ్ 5, దాని మీద అన్నం గిన్నె 10. కలిపితే 51 అంగుళాలు. అంటే గిన్నె అంచు ఆవిడ భుజం దాటి పైకి పోయింది. నాతో ఏమీ అనలేదు. పూజగదిలోంచి ఒక పాత పీట తెచ్చి పొయ్యి ముందు వేసుకుని, దాని మీద నిలబడి వండేది. నేను రోజూ చూస్తూ కూడా అదేదో అలవాటు అనుకున్నాను. సింకు ఎదుటి గోడకి పెట్టాను, ఎదురెదురు గట్లు అందంగా ఉంటాయని. రెండింటి మధ్య పెరట్లోకి నడిచే దారి.

మార్గశిరంలో ఒక లక్ష్మివారం. ఇంట్లో పూజ, చుట్టాలు, పెద్ద గిన్నెతో అన్నం. గంజి వార్చడానికి గిన్నె ఎత్తుకుని పీట దిగి, వెనక్కి తిరిగి, సింకు వైపు రెండు అడుగులు వేసింది. అప్పుడే పెరట్లోంచి మావాడు పరిగెత్తుకొచ్చి తగిలాడు. వాడికి ఏమీ కాలేదు. ఆవిడ కుడి పాదం మీద సగం గంజి పడింది. నెల రోజులు చెప్పు వేసుకోలేకపోయింది. ఆ వేసవిలో గట్టు పగలగొట్టించి మళ్లీ కట్టించాను. అప్పట్నించీ ఎవరి ప్లాను చూసినా ముందు పెన్సిలుతో గంజి గిన్నె నడిచే దారి గీస్తాను. పొయ్యి మీంచి సింకు దాకా ఆ గీత ఎవరి నడకనీ దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. గట్టు మీదుగానే జరుపుకుంటూ వెళ్లగలిగితే ఇంకా మంచిది.

కుక్కర్లు వచ్చాక ఇంకా గంజి ఎవరు వారుస్తున్నారని పట్నం వాళ్లు అడుగుతారు. మన వైపు వారుస్తారు. ఉప్పుడు బియ్యం తినే ఇళ్లలో వార్చిన అన్నమే కావాలి. ఆ గంజీ వృథా పోదు. మీ అత్తగారు తరవాణి పెడతారో, పొరుగింటి ఒడియా వాళ్లలా పఖాళొ అనే చద్దన్నం కలుపుతారో గానీ, రోజుకి ఒక్కసారైనా మరిగే గిన్నె ఇల్లాలి చేతుల్లో ప్రయాణం చేస్తుంది. వంటగదిలో అంతకంటే ప్రమాదమైన ప్రయాణం ఇంకోటి లేదు.

ఇది నేను కనిపెట్టింది కాదులెండి. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు 1940లలో వంటగది పని మీద లెక్కలు వేసి, పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడింటినీ కలిపే త్రికోణం సంగతి ప్రచారంలోకి తెచ్చారు. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 26 దాటకూడదు, ఇంట్లోవాళ్ల నడక ఆ త్రికోణాన్ని కోయకూడదు అని. మన ఇళ్లకి ఇందులో చివరి మాట బంగారం. మొదటి కొలతలు మాత్రం కొంచెం సడలించుకోవాలి. వాళ్లకి ఫ్రిజ్ లోంచి తీసి వేడి చేసుకోవడమే ఎక్కువ. మనకి కడగడం, తరగడం, రుబ్బడం, పోపు వెయ్యడం, వార్చడం. ఫ్రిజ్ రెండడుగులు దూరమైతే కొంప మునగదు. సింకుకీ పొయ్యికీ మధ్య ఖాళీ గట్టు లేకపోతేనే మునుగుతుంది.

గది చిన్నదని దిగులు వద్దు. మీ గది 84 చదరపు అడుగులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం విడిగా భోజనాల గది ఉన్న ఇంటికి వంటగది కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు ఉంటే చాలు. అంటే సుమారు 54 చదరపు అడుగులు, ఆరడుగుల వెడల్పు. 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పట్నం కార్మికుల ఇళ్లకి మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసిన వంటగది మీదానికంటే చిన్నది. 1.9 మీటర్లు బై 3.4 మీటర్లే. రైలు భోజనశాల పెట్టెలోని వంటగది చూసి ఆవిడ ఆ ఆలోచన తెచ్చుకుంది. అలాంటివి వేల ఇళ్లలో కట్టారు. ఇప్పటి బిగింపు వంటగదులన్నిటికీ అమ్మమ్మ అదే.

ఇప్పుడు మీ ప్లాను. హాల్లోంచి వచ్చే తలుపు పడమరగోడకి ఉత్తరం చివర ఉంది. పెరటి తలుపు తూర్పుగోడకి ఉత్తరం చివరే ఉంది. ఇది మీ అదృష్టం, దీన్ని ఎవరు కదపమన్నా కదపకండి. హాల్లోంచి పెరట్లోకి వెళ్లేవాళ్లు ఉత్తరపు గోడ వెంబడి తిన్నగా నడిచి వెళ్లిపోతారు. వంట చేసేవాళ్లకి అడ్డం రారు.

యూ ఆకారం అంటే మూడు గోడలకీ గట్టు రావాలి. అలా రావాలంటే మీకు పెరటి తలుపు మూసెయ్యాలి. ఆ అబ్బాయి ప్లానులో తలుపు ఉందని గమనించినట్టు లేదు. పైగా యూలో రెండు మూలలు వస్తాయి. ఆ మూలల్లో పెట్టిన సామాను సంక్రాంతికి సంక్రాంతికే బయటపడుతుంది. ఇక మేస్త్రి చెప్పిన ఎదురెదురు గట్లు. అది చెడ్డ పద్ధతి కాదు. ఒకవైపే తలుపున్న సన్నటి గదికి అంతకంటే పొదుపైనది లేదు. కానీ మీకు రెండు తలుపులు. ఉత్తరాన కూడా గట్టు కడితే తలుపులు రెండూ మధ్యకి జరగాలి. అప్పుడు పెరటికి దారి సరిగ్గా పొయ్యికీ సింకుకీ నడుమ నుంచి పోతుంది. మా ఆవిడ కాలు కాలింది అలాంటి చోటే.

కాబట్టి మీకు ఎల్ ఆకారమే. పెద్ద భుజం దక్షిణగోడకి పదిన్నర అడుగులు. చిన్న భుజం తూర్పుగోడకి, మూల నుంచి పెరటి తలుపు చట్రం దాకా అయిదడుగులు. గట్టు లోతు రెండడుగులు. ఇది పోగా ముందు ఆరడుగుల ఖాళీ మిగులుతుంది. అందులో మూడడుగులు వండేవాళ్లకి, మూడడుగులు నడిచేవాళ్లకి. ఉత్తరపు గోడకి ఒక్క అడుగు లోతు అరలు పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

ఈ ఎల్‌లో ఏది ఎక్కడ అన్నదే అసలు పని. మామూలుగా అందరూ సింకుని కిటికీ కింద తూర్పుకి, పొయ్యిని పొడవు గోడ మధ్యలో పెడతారు. అలా పెడితే మీ అత్తగారు దక్షిణ ముఖంగా నిలబడి వండాలి. ఆవిడ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. పొయ్యిని తూర్పు భుజానికే పెట్టండి. కానీ అందులో ఒక చిక్కుంది, కొలతలు జాగ్రత్తగా చూడండి. పొయ్యిని మరీ తలుపు పక్కకి జరిపితే గాలికి మంట ఆరుతుంది, వచ్చేపోయేవాళ్ల కొంగు తగులుతుంది. మరీ మూలకి జరిపితే నిలబడేటప్పుడు దక్షిణపు గట్టు తుంటికి తగులుతుంది. దక్షిణగోడ నుంచి 19 అంగుళాలు వదిలి స్టవ్ మొదలవ్వాలి. మూడు పొయ్యిల స్టవ్ 28 అంగుళాలు అనుకున్నా, తలుపు వైపు ఇంకా అడుగుపైన గట్టు మిగులుతుంది. ఆ చివర గట్టు మీద అడుగున్నర ఎత్తు గాజుపలకో, ఇటుక పిట్టగోడో నిలబెట్టండి. గాలికి అడ్డు, కొంగుకి అడ్డు.

సింకు దక్షిణపు గట్టుకి. తూర్పుగోడ నుంచి లెక్కేస్తే మొదటి రెండడుగులు మూలకి పోతాయి. తరవాత దాదాపు మూడడుగులు ఖాళీ గట్టు. ఇది మీ వంటగదికి గుండెకాయ, దీని మీద మిక్సీని కూడా శాశ్వతంగా పెట్టనివ్వకండి. తరవాత రెండడుగుల సింకు. ఆ పక్కన అడుగున్నర కడిగిన గిన్నెలు ఆరబెట్టడానికి. చివర పడమరగోడ పక్కన రెండుంపావు అడుగులు ఫ్రిజ్‌కి. అక్కడితో పదిన్నర అయిపోయింది. ఇప్పుడు గంజి గిన్నె దారి చూడండి. పొయ్యి మీంచి దించి కుడిపక్క గట్టు మీద పెడతారు, అక్కణ్ణించి గట్టు వెంబడి సింకు దాకా జరుపుతారు. నేల మీద ఒక్క అడుగు కంటే ఎక్కువ వెయ్యక్కర్లేదు. పొయ్యికీ సింకుకీ కొంచెం ఎడం కావాలన్న వాస్తు మాటకీ, నా మూడడుగుల లెక్కకీ పేచీ లేదు. సింకు ఈశాన్యాన ఉండాలి కదా అని ఎవరైనా అంటే, ఈశాన్యాన మీకు తలుపుంది, తలుపు దాటగానే పెరట్లో అంట్ల కుళాయి పెడుతున్నామని చెప్పండి. నేను అలాగే చెప్పి చాలామందిని ఒప్పించాను.

సింకు బయటిగోడకి దూరమైంది కాబట్టి మేస్త్రి గొణుగుతాడు. గట్టు కింద నుంచి తూర్పుకి ఆరడుగులు పైపు లాగాలి, అంతే. 75 మిల్లీమీటర్ల పైపు వెయ్యమనండి. అడుగుకి పావు అంగుళం వాటం, అంటే మొత్తం అంగుళంన్నర. మలుపు దగ్గర మూత ఉన్న ఎల్బో పెట్టించండి. గంజీ, నూనె జిడ్డూ కలిసి పైపులో గట్టిపడతాయి. మూత ఉంటే తీసి ఊచతో పొడుచుకోవచ్చు, లేకపోతే టైల్స్ పగలగొట్టాలి. సింకు మాత్రం ఒకే గుంటది, 24 బై 18, లోతు తొమ్మిది అంగుళాలకి తగ్గకుండా తీసుకోండి. రెండు గుంటల సింకులో మన గుండిగ ఏ గుంటలోనూ పట్టదు.

ఎత్తు సంగతి. మీరు అయిదడుగుల మూడంగుళాలు, అత్తగారు నాలుగడుగుల పది అని రాశారు. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి అయిదంగుళాలు తీసేస్తే తరగడానికి హాయైన ఎత్తు. మీకు అది సుమారు 34 వస్తుంది, ఆవిడకి 31 లేదా 32. రోజూ వంట ఇద్దరూ చేస్తారు గనక దక్షిణపు గట్టు 33 పెట్టుకోండి. సింకు గుంట లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ఎత్తు మీ నడుముకి మంచిదే. తూర్పున పొయ్యి ఉండే గట్టు మాత్రం 30 అంగుళాలే. స్టవ్ ఎత్తు కలిస్తే 35 అవుతుంది, గిన్నెలోకి తొంగిచూడొచ్చు. మూల దగ్గర మూడంగుళాల మెట్టు వస్తుంది. మేస్త్రి అది తన పనితనానికి మచ్చ అనుకుంటాడు. ఒకే లెవెల్లో ఉంటేనే చూడ్డానికి బాగుంటుందంటాడు. వంట చేసేది మీరు, మీ లెవెలే లెవెలు.

గట్టు కింద పాదాలు దూరేలా నాలుగంగుళాల ఎత్తు, మూడంగుళాల లోతు ఖాళీ వదలాలి. చిన్న సంగతే గానీ ఇది లేకపోతే గట్టుకి అడుగు దూరంలో నిలబడి ముందుకి వంగాల్సి వస్తుంది. ఏడాది తిరిగేసరికి నడుం నొప్పి.

సిలిండరు గట్టు కింద, మూలకి ఆనుకుని దక్షిణం వైపు. స్టవ్‌కి మూడు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. రబ్బరు ట్యూబు మీటరున్నర దాటకూడదు కాబట్టి సరిపోతుంది. అయిదేళ్లకోసారి ట్యూబు మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది. సిలిండరు నిటారుగా, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి. ఆ అరకి బిగుతైన తలుపు వద్దు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. అందుకని తలుపుకి అడుగున సందులు ఉండాలి. ఆ అర దగ్గర నేలలో నీళ్లు పోయే జాలీ ఉండకూడదు, గ్యాసు అందులోకి దిగి కూర్చుంటుంది. నిండు సిలిండరు ముప్ఫై కిలోల బరువు. పెరటి సందు నుంచి వచ్చినా హాల్లోంచి వచ్చినా దొర్లించే దారిలో ఎత్తు గడప లేకుండా చూసుకోండి.

తూర్పుగోడ పంపకం ఇంకా పూర్తవలేదు. పొయ్యి మీద చిమ్నీ వస్తుంది. వెనకే బయటిగోడ కాబట్టి గొట్టం తిన్నగా అడుగు పొడవుతో బయటికి పోతుంది. చిమ్నీకి ఇంతకంటే మంచి చోటు ఉండదు. గొట్టం వంకరలు తిరిగేకొద్దీ పొగ లాగడం తగ్గిపోతుంది. స్టవ్ పైనుంచి 26 నుంచి 30 అంగుళాల ఎత్తున బిగించండి. బయటి మూతికి మడతమూత ఉండాలి. తుపాను గాలికి వాన నీళ్లు వెనక్కి తన్ని చిమ్నీలోంచి కూరలో పడ్డ ఇల్లు నేను చూశాను. చిమ్నీకి దక్షిణం పక్కన, గట్టు మూల మీద, అడుగుంపావు వెడల్పు, మూడడుగుల ఎత్తున్న సన్నటి కిటికీ పెట్టించండి. కింది సగం కదలని అద్దం, పై సగం తెరుచుకునేది. పొద్దుటి వెలుగు తరిగే చోట పడుతుంది, గాలి మాత్రం మంట మీద పడదు. పెరటి తలుపుకి పైన వెంటిలేటరు, దోమతెర తలుపు. ఇవి ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా ఉక్క కాస్త తగ్గుతుంది.

ఇక మీ వారి ఓపెన్ కిచెన్. ఆయన కోరిక నాకు అర్థమైంది, వండేవాళ్లు ఒంటరిగా ఉండకూడదు, హాలు పెద్దగా కనబడాలి. కానీ మీ ఇంటికి గాలి వచ్చేది ముందు నుంచి వెనక్కో, వెనక నుంచి ముందుకో. తూర్పు గాలి వీచిన రోజున ఎండుచేపల వేపుడు వాసన హాల్లోంచి, పడకగదిలోంచి, వీధి అరుగు దాకా పోతుంది. గోడే లేకపోతే ఆ వాసన పరుపులు పట్టుకుని వదలదు. దానికి బదులు పడమరగోడలో, ఫ్రిజ్‌కీ తలుపుకీ మధ్య, రెండున్నర అడుగుల వెడల్పుతో ఒక కిటికీ తెరవండి. ఆ కిటికీ కింది అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉండాలి, దానికి అడుగు వెడల్పు గ్రానైట్ బండ వెయ్యాలి. పక్కకి జరిపే అద్దం తలుపు పెడితే కావాలంటే తెరుచుకోవచ్చు, పోపు వేసేటప్పుడు మూసుకోవచ్చు. కూరలు అందులోంచే అందించవచ్చు, టీవీలో మ్యాచ్ కూడా వినబడుతుంది. ఈ మాట ఆయనకి చెప్పండి, ఒప్పుకుంటారు.

అత్తగారి కత్తిపీట. మా దగ్గర పనిచేసే ఒడియా కుర్రాళ్లు కత్తిపీటని పనికి అంటారు. మొదట్లో 'పనికి ఎక్కడ పెట్టాలి' అన్నట్టు వాళ్లు అడిగితే నాకు అయోమయంగా ఉండేది. ఇప్పుడు ఆ ప్రశ్నే ప్రతి ఇంటికీ నేను వేస్తున్నాను. దాన్ని వంటగది నేల మీద పెట్టకండి, నడిచే దారిలో కత్తి పెట్టినట్టవుతుంది. పైగా అరవై దాటినవాళ్లు నేల మీంచి లేవడం మోకాళ్లకి శిక్ష. పెరటి తలుపు దాటగానే నాలుగడుగుల వసారా దించి, అందులో 16 అంగుళాల ఎత్తు, రెండున్నర అడుగుల లోతుతో గోడ వెంబడి అరుగు కట్టించండి. ఆవిడ అరుగు మీద కాలు మడిచి కూర్చుని కత్తిపీట ముందు పెట్టుకుంటారు. పక్కన కుళాయి, కింద జాలీ. చేపలు కడగడం, కొబ్బరి తురమడం, ఆవకాయ ముక్కలు కొట్టడం అన్నీ అక్కడే. పొలుసులు ఇంట్లోకి రావు. ఒక మూల రుబ్బురోలు కూడా ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ జిల్లాని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కరెంటు లేని ఆ రోజుల్లో మిక్సీలున్న ఇళ్ల కంటే రోలున్న ఇళ్లలో పచ్చడి ఉంది.

అరల విషయంలో మాడ్యులర్ అబ్బాయితో కొంచెం గట్టిగా మాట్లాడండి. రంపపు పొట్టు అదిమి చేసే బోర్డు మన తేమకి ఉబ్బిపోతుంది, ముఖ్యంగా సింకు కింద. ప్లైవుడ్డే అయితే ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ రకం అడగండి. నా ఇష్టం అడిగితే గట్టు కింద అడ్డంగా కడప బండలే వేయించి, బయటికి అల్యూమినియం చట్రంతో తలుపులు పెట్టిస్తాను. చెద పట్టదు, నానదు, పాతికేళ్లయినా చెక్కుచెదరదు. ఖాళీ గట్టు కింద మాత్రం మూడు సొరుగులు చేయించండి. పైదాంట్లో పోపుల డబ్బా, గరిటెలు, రెండోదాంట్లో పప్పులు, కిందిదాంట్లో కుక్కరు, మూకుళ్లు. సొరుగు పట్టాలకి డబ్బు దాచకండి, ముందు పాడయ్యేవి అవే. గట్టు మీదకి నల్ల గ్రానైటు చాలు. మీకు టెక్కలి దగ్గరే గనక అక్కడి నీలం రాయి మీద మోజు పడతారేమో, అది హాల్లో బాగుంటుంది. వంటగట్టు మీద పసుపు మరకలు కనబడకపోవడమే అందం.

పై అల్మరాలు 12 అంగుళాల లోతు, గట్టుకి 20 అంగుళాల పైన మొదలవ్వాలి. అంతకంటే పైకి పోతే అత్తగారికి అందవు, లోతు పెరిగితే మీ నుదురు తగులుతుంది. ఆవకాయ జాడీలు అటక మీదకి ఎక్కించకండి. బరువు జాడీని స్టూలెక్కి దించడం అంటే సాహసమే. ఉత్తరపు గోడ అరల్లో అన్నిటికంటే కింద, నేలకి ఆరంగుళాల ఎత్తున బండ మీద ఉంచండి. పాతిక కిలోల బియ్యం డబ్బా కూడా అక్కడే. అటక పండగ గుండిగలకీ, పెళ్లి సారెలో వచ్చి ఇంకా అట్టపెట్టెలో ఉన్న సామానుకీ.

కరెంటు పాయింట్లు ఇప్పుడే ప్లాను మీద గుర్తు పెట్టించండి. ఫ్రిజ్‌కి ఒకటి, ఖాళీ గట్టు మీద మిక్సీకీ ఇండక్షన్‌కీ రెండు, చిమ్నీకి ఒకటి, సింకు పక్క నీళ్ల ఫిల్టరుకి ఒకటి. గట్టుకి పది అంగుళాల పైన ఉండాలి, సింకు మీద మాత్రం ఏదీ ఉండకూడదు. ఇండక్షన్, ఓవెన్ పాయింట్లు 16 ఆంపియర్లవి. వాటికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు బోర్డు నుంచి లాగించండి. పొయ్యి మీద ఒక లైటు ఇన్వర్టరు లైను మీద ఉండాలి. నేలకి గరుకు టైల్స్. ఇంక వాటి గురించి చెప్పడానికేం లేదు.

ఒక పని మాత్రం ఇటుక పెట్టకముందే చెయ్యండి. పునాది మట్టం దాకా లేచిందన్నారు కదా. సాయంత్రం మేస్త్రి వాళ్లు వెళ్లిపోయాక, ముగ్గుపిండితో ఆ గది నిజం కొలతతో నేల మీద గీయండి. గోడలు, రెండు తలుపులు, గట్టు రెండడుగులు, స్టవ్, సింకు, ఫ్రిజ్ తలుపు తెరుచుకునే వంపు కూడా. పొయ్యి ముందు అత్తగారిని నిలబెట్టండి, ఖాళీ గట్టు దగ్గర మీరు నిలబడండి. మీ వారిని హాల్లోంచి పెరట్లోకి నాలుగుసార్లు నడవమనండి. ఒక గిన్నెలో చన్నీళ్లు నింపి పొయ్యి దగ్గర నుంచి సింకు దాకా తీసుకెళ్లి చూడండి. ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో, నీళ్లు ఎక్కడ తొణికాయో అక్కడ గీత చెరిపి మళ్లీ గీసుకోండి. ఇటుకలతో కట్టాక చెరపాలంటే సమ్మెట కావాలి.

పెరటి తలుపు చట్రానికీ ఉత్తరపు గోడకీ మధ్య ఎంత వదిలారో మీరు రాయలేదు. నేను ఆరంగుళాల లెక్కన వేశాను. అంతకంటే ఎక్కువ వదిలి ఉంటే తూర్పు గట్టు అయిదడుగులు రాదు, స్టవ్ తలుపు మీదకి జరుగుతుంది. రేపు టేపు పెట్టి కొలిచి ఆ ఒక్క అంకె చెప్పండి. ఎక్కువుంటే మేస్త్రిని గోడ లేపొద్దని ఆపండి.